రెండు పొయ్యిల గది

రంగు కొట్టే ముందు కారు అద్దాలకు కాగితాలు అంటించాలి. ఆ పనిలో మాబుకు ఒక పిచ్చి అలవాటు ఉంది. అరబ్బీ పేపరు చేతికి తీసుకోగానే కళ్ళ దగ్గర పెట్టుకుని అల్లా పేరు ఉందేమో వెతుకుతాడు. ఉంటే ఆ ముక్క జాగ్రత్తగా చించి గోడ గూట్లో దాస్తాడు, మిగిలిందే అద్దానికి అంటిస్తాడు. అరబ్బీ చదవడం అతనికి రాదు, ఆ ఒక్క పేరు రూపం మాత్రం తెలుసు. "దూదేకులోనికి ఇంత భక్తి యాడ్నించి వచ్చెరా" అని ఫోర్‌మన్ ఖాజా హుస్సేన్ ఎగతాళి చేస్తుంటాడు. చేసుకోనీ అనుకుంటాడు మాబు. ఈ అరబ్బు దేశానికి వచ్చిన ఐదేళ్ళకు మొదటిసారి సెలవు దొరికింది. ఇంకా పదకొండు రోజుల్లో రాయచోటికి ప్రయాణం. తను బయల్దేరేనాటికి భార్య మస్తాన్ బీ కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోతోందట. ఇలాంటప్పుడు మనిషి ఏ దేవుడితోనూ పేచీ పెట్టుకోడు.

గురువారం మధ్యాహ్నం. షువైఖ్‌లో గ్యారేజీలు ఒక్కొక్కటే షట్టర్లు దించుతున్నాయి. ఒక టాక్సీ వచ్చి గ్యారేజీ ముందు ఆగింది. అందులోంచి నల్ల అబాయా కప్పుకున్న ఆడమనిషి దిగింది. కాళ్ళకు చెప్పులు లేవు. చేతిలో నలిగిపోయిన కవరు ఉంది.

"ఈడ ఓబులేసన్న అని ఉండాడా?"

మాబు చేతిలోని కాగితం జారిపోయింది. ఆడమనిషి, తెలుగు మాట, ఉత్త కాళ్ళు. మూడూ కలిపి చూస్తే ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. పోయిన డిసెంబరులో ఊళ్ళో బాంబులు పేలినప్పటినుంచీ సందుసందుకూ తనిఖీ. మగవాళ్ళుండే గ్యారేజీలో పారిపోయి వచ్చిన ఆడమనిషి దొరికితే అందరి పనీ అయిపోతుంది. 

ఓబులేసు వెనకనుంచి టైరు దొర్లించుకుంటూ వచ్చి, ఆమె చేతిలోని కవరు చూసి ఆగిపోయాడు. దాని మీద ఉన్న రాత తనదే. గ్యారేజీకి పోస్టు బాక్సు ఉంది. రాయచోటి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ ఉత్తరాలన్నీ దానికే వస్తాయి, వాటి మీద అడ్రసు రాసి ఎవరివి వాళ్ళకు చేర్చేది ఓబులేసు. జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేసే లక్కిరెడ్డిపల్లె చిన్నక్కకు రెండేళ్ళుగా కూరగాయల వ్యాను మనిషి చేత ఉత్తరాలు పంపుతున్నాడు. ఆమె మొహం చూడటం ఇదే మొదలు.

"చిన్నక్కవా?"

"అవున్నా." ఆమె షట్టరు లోపలికి వచ్చాక గాని ఊపిరి తీసుకోలేదు. "మా ఇంటి దొరసాని మామా ఉండ్లా, ఆమె కూతురికి పెండ్లన్నా. ఆ బిడ్డకు ఇచ్చేవన్నీ లారీ కెత్తుతాండారు. బీరువా, మంచాలు, ఫ్రిజ్జు. ఆటితో పాటు నన్నూ ఎక్కమన్నారు. నాకు రెండేండ్లు నిండి ఆర్నెల్లాయ, ఊరికి పంపు మామా అంటే, నిన్ను నా కూతురికి ఇచ్చేసినా, ఇంక దాన్నడుగు అనె. గేటు తెరిచుండె. అట్లనే నడిచినా."

ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. ఓబులేసు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇండియా ఎంబసీ శనివారం గాని తెరవరు. గురువారం మధ్యాహ్నం నుంచి శనివారం పొద్దున దాకా ఆమెను ఎక్కడైనా ఉంచాలి. ఎక్కడ ఉంచాలన్న దగ్గరే గొడవ మొదలైంది.

గ్యారేజీ పైన రేకుల గదిలో నలుగురు మగవాళ్ళు ఉంటారు. ఖాజా హుస్సేన్ పద్నాలుగేళ్ళ కిందట వచ్చాడు. మిగతా ముగ్గురికీ వీసాలు ఇప్పించింది అతనే. అరబ్బీ ధారాళంగా మాట్లాడతాడు, ఐదు పూటలా నమాజు తప్పడు, అబద్ధం చెప్పడు. అబద్ధం చెప్పడన్న పేరు వల్లే అతని మాటకు తమ పేర వీసా తీసిన యజమాని కఫీల్ దగ్గర విలువ. ఆ సాయంత్రం ఆమెను కింద గ్యారేజీలో ఉంచి, పైన అన్నం గిన్నె చుట్టూ కూర్చోగానే అతను విషయం తేల్చేశాడు.

"మగ్రిబ్ నమాజు కాంగానే ఆమెను తీస్కపోయి ఆ ఇంటి గేటు కాడ దింపొస్తా. నాలుగు మాటలు చెప్పి కొట్టకుండా చూస్తా. ఇంతకన్నా మనం చేసేదేం లేదు."

"దింపొస్తావా?" ఓబులేసు చెయ్యి గిన్నె మీదే ఆగింది. "తప్పిపోయిన ఎద్దును తోలకపోయినట్టు తోలకపోతావా ఖాజన్నా? సంతలో కొన్నారా వాళ్ళు ఆమెను?"

"కొన్నారని నేనన్లేదు. కాగితం మీద ఆమె వాళ్ళది. కాగితం మీద నువ్వు మన కఫీలుది, నేనూ అంతే. దాచినోనికీ పారిపోయినోనికీ ఈ దేశంలో ఒకే శిచ్చ. చట్టం అది."

"చట్టమని చెప్పి మనిషిని కట్నం సామాన్లలో కట్టిచ్చొచ్చా?"

"అది తప్పే. నేను కాదన్లే. తప్పు వాళ్ళది, జైలు మనది. అది చూడు నువ్వు."

పోర్టులో మూటలు మోసే వెంకటరాముడు మధ్యలో అందుకున్నాడు. "నాకు భయమబ్బా. సిగ్గెందుకు, భయమనే చెప్తాండా. ఖాజన్న మాటే నా మాట. కాదంటే నేనే పోయి చెప్పొస్తా, నా తలకాయ నేను కాపాడుకుంటా."

ఓబులేసు లేచాడు. టైర్లు ఊడదీసే ఇనుపబద్ద తీసుకుని పోయి మెట్ల మీద అడ్డంగా కూర్చున్నాడు. "పో. పోయి చెప్పు. నన్ను దాటి పో" అన్నాడు. వెంకటరాముడూ లేచాడు. ఖాజా ఇద్దరి మధ్యా చేతులు చాచి నిలబడకపోతే ఆ పూట గదిలో రక్తం పడేది. ఏడేళ్ళుగా ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు గంజి కాచి పోసినవాళ్ళు.

కొట్లాట ఆగింది గాని అంతకన్నా పెద్దదే జరిగింది. ఓబులేసు మంచం కింద పడి ఉన్న పాత కిరసనాయిలు స్టవ్వు బయటికి లాగి, దుమ్ము తుడిచి, రెండో మూలన వెలిగించాడు. తన గిన్నె, తన గ్లాసు, సగం ఎర్రగడ్డలు అటు జరుపుకున్నాడు. "ఆడమనిషిని అప్పజెప్పే చేతులతో వండిన కూడు నాకొద్దు" అన్నాడు. మా వైపు అన్నదమ్ములు విడిపోయారంటే ముందు అడిగేది పొలం సంగతి కాదు, పొయ్యి వేరు పెట్టారా అని. పెట్టారంటే ఇక పంచాయితీ పెద్దలు కూడా నోరు మూసుకుంటారు. ఖాజా హుస్సేన్ ఆ రెండో మంట వైపు చాలాసేపు చూశాడు.

ఇప్పుడు ఇటు ఇద్దరు, అటు ఒకడు. మిగిలింది మాబు. ముగ్గురూ అతని వైపే చూస్తున్నారు.

మాబుకు చిన్నక్కను చూస్తే జాలిగానే ఉంది. కానీ అతని పాస్‌పోర్టు కింద ఆఫీసులో కఫీల్ సొరుగులో ఉంది. కఫీల్ మనసు విరిగితే పదకొండు రోజులు పదకొండేళ్ళవుతాయి. అతను ఖాజా గిన్నెలోంచి రెండు ముద్దలు తిన్నాడు, ఓబులేసు గిన్నెలోంచి రెండు ముద్దలు తిన్నాడు, చెయ్యి కడుక్కుని "ఏమో అబ్బా, నాకేం తెలుసు" అన్నాడు. గోడమీది పిల్లి అని ఓబులేసు తిట్టాడు. ఆ మాట నిజమేనని మాబుకు తెలుసు.

చివరికి సలహా మాత్రం అతనిదే. గదిలో పెడితే గది మొత్తం పోతుంది. కింద కాగితాలు అంటించిన షెవర్లే కారు ఉంది, శనివారం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి కాబట్టి లోపల మనిషి ఉన్నా కనపడదు. ఖాజా ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. "రేపు జుమ్మా నమాజు అయినాక మాట్లాడదాం" అని నమాజుకు లేచాడు.

శుక్రవారం పొద్దున మాబు కిందికి దిగేసరికి తడినేల వాసన వచ్చింది. గ్యారేజీ ముందున్న సిమెంటు నేల, ఏడాదికోసారి కూడా చీపురు ఎరగనిది, తళతళమంటోంది. నూనె మరకలు రుద్ది కడిగి, నీళ్ళు చల్లి, షట్టరు గడప ముందు ముగ్గు వేసి ఉంది. ఏడు చుక్కల మెలికల ముగ్గు. లప్పం పెట్టిన కారును ఉప్పుకాగితంతో రుద్దితే కింద రాలుతుందే ఆ తెల్లపొడి, దాంతో వేసింది చిన్నక్క. వేసి మళ్ళీ పోయి బుద్ధిగా కారులో కూర్చుంది.

మాబు కారు తలుపు సందులోంచి "ఏందక్కా ఈ పని?" అన్నాడు. 

"శుక్రారం గదన్నా" అంది చిన్నక్క లోపల్నుంచి. "ఉత్త గడప చూస్తే మనసు ఒప్పలే. రెండున్నరేండ్లాయ నా ఇష్టానికి ఒక పని చేసి."

అతను వెంటనే చీపురు తెచ్చి చెరిపేయాల్సింది. తెచ్చాడు కూడా. తెచ్చి నిలబడిపోయాడు. రాయచోటిలో తమ సందులో శుక్రవారం పొద్దున ఎవరి వాకిట చూసినా ఇలాగే ఉంటుంది, తమ వాకిట కూడా. అమ్మ నమాజు ముగించి, అదే చేత్తో ముగ్గు గిన్నె అందుకునేది. ఈ సంగతి ఖాజాభాయ్‌కు మాబు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే తనను సగం ముసల్మాను అంటాడని భయం. అలా చూస్తూ ఉండగానే వీధి మలుపులో తెల్ల కారు తిరిగింది.

దిగినవాడు జాబ్రియా ఆసామి. చిన్నక్క కఫీల్. చేతిలో ఓబులేసు రాతతో ఇంకో కవరు ఉంది. ఆమె పెట్టెలో దొరికి ఉంటుంది, దాని మీద గ్యారేజీ పేరూ పోస్టు బాక్సూ ఉన్నాయి. మంచి మాటగానే సలాం చెప్పి ఖాజా హుస్సేన్‌ను పిలిపించాడు. ఒక పనిమనిషి తప్పిపోయిందన్నాడు, గది చూస్తానన్నాడు. ఖాజా పక్కకు తప్పుకున్నాడు. ఓబులేసు మెట్ల దగ్గర పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఆసామి పైకి పోయి మంచాల కిందా, తాళ్ళతో బిగించిన మాబు సామాను డబ్బా వెనకా చూసి, ఏమీ దొరక్క దిగి వచ్చాడు. పోబోతూ నేల మీద చూపు పడి ఆగిపోయాడు.

అతని మొహంలో రంగు పోయింది. అప్పటిదాకా భయపడుతున్నది తామే అనుకున్న మాబుకు, ఆ మనిషి కూడా భయపడటం చూసి భయం రెట్టింపయింది.

"ఇది ఆమె వచ్చిన కొత్తలో నా ఇంట్లో గీసింది" అన్నాడు అరబ్బీలో. "వంటింటి గుమ్మం ముందు. సిహ్ర్, చేతబడి. నా భార్య మూడు రాత్రులు నిద్రపోలేదు." తర్వాత ఖాజా వైపు తిరిగాడు. "నువ్వు నమాజు చేసేవాడివి. నీ గురించి విన్నాను. నువ్వు చెప్పు, నమ్ముతాను. ఇది ఎవరు గీశారు?"

ఖాజా హుస్సేన్ పెదవులు కదిలాయి. మాబు అతని మొహంలోకి చూశాడు. పద్నాలుగేళ్ళలో ఆ నోట అబద్ధం రాలేదు. పైగా అప్పజెప్పాలన్నదే అతని పట్టు. కాగితాలు కప్పిన షెవర్లే పది అడుగుల దూరంలో ఉంది. ఖాజా గొంతు సవరించుకున్నాడు.

"నేను" అన్నాడు మాబు.

ధైర్యంతో అన్న మాట కాదది. ఖాజాభాయ్ నోట్లోంచి రాబోయే మాట వినలేక, దానికి అడ్డం పడాలని అన్నాడు. 

ఆసామి అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "పేరు?"

"మాబూసాబ్."

"ముస్లిమువి. నువ్వు గీశావా?" నవ్వాడు. నవ్వు ఆగాక వేలు చూపించాడు. "ఇంకోటి గియ్యి. ఇక్కడే. నేను చూస్తాను."

మాబు కారు కిందినుంచి తెల్లపొడి చేత్తో పోగు చేసుకుని వచ్చాడు. గొంతుక్కూర్చుని, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పొడి పట్టి చుక్కలు పెట్టాడు. వరుసకు ఏడు, తర్వాత ఆరు, ఐదు. మొదటి చుక్కలు చెదిరితే చెరిపి మళ్ళీ పెట్టాడు. తర్వాత మెలిక అందుకున్నాడు. కారు పొడవునా ఒక్క గుక్కలో సన్నగీత లాగే చెయ్యి అది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని చుక్కల మధ్య నుంచి గీత తిప్పిన చెయ్యి కూడా అదే. వేళ్ళకు దారి తెలుసు. పైనుంచి మూడో చుక్కను చుట్టి, కింది దాని కుడి పక్కగా దిగి, మళ్ళీ పైకి. తల ఎత్తలేదు. ముగ్గు వేసేటప్పుడు ఎత్తకూడదని అమ్మ చెప్పేది.

సగంలో ఉండగా షెవర్లే లోపల కాగితం కరకరమంది.

మాబు వేళ్ళు ఆగిపోయాయి. ఆసామి తల తిప్పుతున్నాడు. అంతలో ఖాజా హుస్సేన్‌కు దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, వంగిపోయి, గుండెలు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా దగ్గాడు. ఓబులేసు పరుగున పోయి నీళ్ళు తెచ్చాడు. రంగు వాసన ఊపిరితిత్తులు తినేసిందని ఖాజా అరబ్బీలో దగ్గు మధ్య మధ్యన చెప్పుకున్నాడు. దగ్గు తెరిపిన పడేసరికి ముగ్గు పూర్తయింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు.

ఆసామి వాటిని తొక్కకుండా, గోడ వెంబడి నడిచి కారెక్కాడు. "నీ పేరు నీ కఫీల్‌కు చెప్తాను" అన్నాడు. అతనూ గ్యారేజీ కఫీలూ సాయంత్రాలు అరబ్బు మగవాళ్ళు చేరే ఒకే దివానియాలో కూర్చుని చాయ్ తాగేవాళ్ళే.

కారు మలుపు తిరిగిపోయింది. ఖాజా ముగ్గు వైపు చూస్తూ అడిగాడు.

"మీ ఇంట్లో ఇవి వేస్తారా మాబూ?"

"ఏస్తారు భాయ్. మా అమ్మ ఏస్తాది. మా అమ్మ నమాజూ చేస్తాది."

ఖాజా కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు మాట్లాడకపోతే నేను నిజం చెప్పేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు భాయ్. అందుకే మాట్లాడినా."

శనివారం పొద్దున ఆరున్నరకు ఖాజా హుస్సేన్ పికప్ తాళాలు తీసుకున్నాడు. ఓబులేసు తాను వస్తానంటే వద్దన్నాడు. దారిలో తనిఖీ ఉంటే తన అరబ్బీ పనికొస్తుంది, ఇంకో మనిషి ఉంటే అనుమానమొస్తుంది. చిన్నక్క ముందు సీట్లో అబాయా కప్పుకుని కూర్చుంది. పోయేటప్పుడు మాబుకు దండం పెట్టింది. మాబు తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. తొమ్మిదింటికి ఖాజా ఎంబసీ నుంచి తిరిగొచ్చి "లోపలికి పోయింది" అని ఒక్క మాట చెప్పి పనిలో పడ్డాడు. వెంకటరాముడు పోర్టు నుంచి రెండుసార్లు ఫోను చేసి కనుక్కున్నాడు.

పదకొండింటికి గ్యారేజీ కఫీల్ మాబును ఆఫీసులోకి పిలిచాడు. మంచివాడని పేరు. ఈదు పండగకు మాబుకు చేతిగడియారం ఇచ్చిన మనిషి. సొరుగు తెరిచి, రబ్బరు వేసి కట్టిన పాస్‌పోర్టుల్లోంచి ఒకటి తీశాడు. అందులో ఉన్నది మాబు ఫొటో.

"ఆ ఆడది ఎక్కడుందో నీకు తెలుసా?"

"తెల్దు బాబా."

"నా స్నేహితుడు నీకు తెలుసంటున్నాడు. చెబితే ఇది ఇప్పుడే నీ చేతిలో పెడతాను. చెప్పకపోతే ఇది అతని ఇంట్లో ఉంటుంది. ఆమె దొరికిన రోజు నీకు వస్తుంది. సెలవు సంగతి అప్పుడు చూద్దాం." కోపంగా కాదు, లెక్క సరిచేస్తున్నట్టు మామూలుగా అన్నాడు. "అతని మనిషి పోయింది కదా. నా మనిషి ఒకడు అతని దగ్గర ఉండాలి. న్యాయం అంటే అదే."

ఎంబసీ అన్న ఒక్క మాట చాలు. ఆమె ఇప్పటికే లోపల ఉంది, చెప్పినా ఎవరూ లాక్కురాలేరేమో. లాక్కొస్తారేమో. ఆ రెండో 'ఏమో' దగ్గర మాబు నాలుక ఆగిపోయింది. తన మాట కోసం పిల్ల బడి దగ్గర ఎదురు చూస్తున్నట్టు అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెల్దు బాబా" అన్నాడు మళ్ళీ.

కఫీల్ పాస్‌పోర్టును తన తెల్లచొక్కా జేబులో వేసుకుని, మాబును పనికి పొమ్మన్నాడు.

మూడు రోజులు మాబు తల వంచుకుని పని చేశాడు. షెవర్లేకు రంగు కొట్టాడు, ఆరబెట్టాడు, మెరుగు పెట్టాడు. ఏ పని చేస్తున్నా, 'నా మనిషి ఒకడు అతని దగ్గర ఉండాలి' అన్న కఫీల్ మాటే చెవిలో పడుతోంది. ఐదేళ్ళుగా తనకొక కఫీల్ ఉన్నాడనుకున్నాడు, అంతే. తనను ఇంకొకరికి ఇవ్వొచ్చని తెలియదు. ఇచ్చేశారని తెలిశాక, రాత్రింబగళ్ళు ఉన్న భయం ఇంకో రకంగా మారింది. ఇన్నాళ్ళూ ఏదో పోతుందని భయం. ఇప్పుడు పోవడానికేం మిగల్లేదన్న భయం.

బుధవారం పొద్దున ఖాజా హుస్సేన్ పికప్ తలుపు తెరిచి పట్టుకుని "ఎక్కు" అన్నాడు.

"యాడికి భాయ్?"

"ఎక్కమన్నా గదా. సామాను డబ్బా వద్దు, ఓబులేసు ఎట్లన్నా పంపిస్తాడు. ఇఖామా కార్డు జేబులో పెట్టుకో." బండి కదిలాక, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా చెప్పాడు. "మధ్యాన్నం కఫీల్ నువ్వేడని నన్నడుగుతాడు. వల్లాహి, అల్లా మీద ఒట్టు, నేను చూడలేదని చెప్తా. ఎట్ల చెప్పాలో పొద్దున్నించీ అద్దంలో చూస్కుంటా నేర్చుకుంటాండా."

 ఎంబసీ గోడ కనపడగానే గేరు మార్చాడు.

ఎంబసీ గేటులో కాగితాలు రాసుకునే మనిషి తల ఎత్తకుండా హిందీలో అడిగాడు. "ఎవరి దగ్గర్నుంచి పారిపోయి వచ్చావు?"

నేను పారిపోలేదు సార్, మా కఫీల్ మంచివాడు, ఈదుకు గడియారం కూడా ఇచ్చాడు అని చెప్పబోయాడు మాబు. ఐదేళ్ళుగా ప్రతి ఉత్తరంలో మస్తాన్ బీకి రాయించిన మాటలే అవి. నోరు తెరిచాక అవి రాలేదు. కఫీల్ పూర్తి పేరు చెప్పాడు, అతను రాసుకున్నాడు.

లోపల గోడవారన ఆడవాళ్ళూ మగవాళ్ళూ మూటలతో కూర్చుని ఉన్నారు. ఈపాటికి విమానం ఎక్కేసి ఉంటుందనుకున్న చిన్నక్క అక్కడే ఉంది. అతన్ని చూసి మొదట సంతోషంగా లేచి, తర్వాత అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నా వల్లనే గదన్నా?"

"కాదక్కా" అన్నాడు మాబు. "నేనూ ఊరికి పోదామని వచ్చినా."

 ఆమె ఎవరో ఇచ్చిన బట్టల మూట పక్కనుంచి తీసి ఒడిలో పెట్టుకుని కొంచెం జరిగింది. మాబు గోడకు ఆనుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.